బామ్మ కోసం రాసిన చీటీ

మొన్న మంగళవారం ఉదయం మా సిస్టరత్తయ్య పోయింది. ఆ సమయానికి నేను కాలేజీలో పరీక్ష డ్యూటీలో ఉన్నాను. ఫోన్లు బయట పెట్టి వెళ్ళాలి కాబట్టి, జవాబు పత్రాలు కట్ట కట్టి స్టాఫ్ రూముకి వచ్చేదాకా నాకు తెలియలేదు. అత్తయ్యని దగ్గరుంచుకుని చూస్తున్న గుడివాడ వదిన నుంచి తొమ్మిది కాల్స్ ఉన్నాయి. తిరిగి చేస్తే, "జావ రెండు చెంచాలు తాగింది. చాలంది. అటు తిరిగి పడుకుంది, అంతే" అంది వదిన. ఇద్దరికీ ఒకే సంగతి గుర్తొచ్చిందని ఇద్దరికీ తెలుసు.

ఆ సంగతి దాచి అత్తయ్య గురించి ఎంత బాగా రాసినా అది అబద్ధమే అవుతుంది. అందుకని ముందే చెప్పేస్తున్నాను. రొమ్ములో గడ్డ ఉన్న సంగతి ఆవిడ ఎవరికీ చెప్పకుండా దాచుకుందని మా వీధంతా అనుకుంటోంది. కానీ ఆవిడ చెప్పింది. నేనున్న గదిలోనే, పదిహేను మంది మధ్యలో చెప్పింది. మేమంతా నవ్వాం. అందరికన్నా ఎక్కువ నేనే నవ్వాను.

సిస్టరత్తయ్య మాకు చుట్టం కాదు. బందరులో మా ఎదురింటావిడ. జీవితమంతా నర్సుగా చేసింది. ఆస్పత్రిలో అందరూ ఆవిడని సిస్టరంటే, వీధిలో పిల్లలం దానికి అత్తయ్యని తగిలించాం. ఆ పేరే ఉండిపోయింది. పెళ్ళి ఎందుకు చేసుకోలేదని అడిగితే "డ్యూటీలు కుదర్లేదు" అనేది, ఏదో బస్సు తప్పిపోయినట్టుగా.

ఎవరైనా "వందనాలండి" అని చేతులు జోడిస్తే ఆ చేతులే పట్టుకుని గోళ్ళు చూసేది. "తెల్లగా పాలిపోయినయ్యేంటి? ఏం తింటున్నావ్?" అని అక్కడే రోడ్డు మీద నిలబెట్టి, బొటనవేలితో కంటి కింది రెప్ప లాగి చూసేది. కూరగాయల బండి దగ్గరైనా సరే, చర్చి మెట్ల మీదైనా సరే. "ఈవిడకి ఎదురుపడేకన్నా పోలీసులకి ఎదురుపడటం నయమమ్మా" అనేది మా వీధి చివర ఇస్త్రీ బండి పెట్టుకున్న వదిన. ఆ ఇస్త్రీ వదినకే ఒకప్పుడు గొంతు దగ్గర వాపు వస్తే, ఆవిడ వద్దు వద్దంటున్నా మణికట్టు పట్టుకుని బస్సెక్కించి విజయవాడ పెద్దాస్పత్రికి మూడుసార్లు తీసుకెళ్ళింది అత్తయ్య. ఆ మనిషి ఈ రోజుకీ నిక్షేపంగా బట్టలు ఇస్త్రీ చేసుకుంటోంది. "జబ్బు కన్నా మొగమాటం ఎక్కువ మందిని చంపుద్దే" అనేది అత్తయ్య. ఆ మాట నేను వందసార్లు విని ఉంటాను.

నాకు రెండో కాన్పు దక్కనప్పుడు మూడు రోజులు నా మంచం పక్కనే కూర్చుంది. అందరూ ఊరుకో ఊరుకో అంటుంటే ఆవిడొక్కతే, "ఏడవనీండి. కానీ తల్లీ, లేచి కూర్చుని ఏడువు. పడుకుని ఏడిస్తే నీళ్ళు చెవుల్లోకి పోతయ్" అంది. నాకు ఆ ఏడుపులోనే నవ్వొచ్చింది. అన్ని రోజుల్లో అది మొదటి నవ్వు.

ఇక మా సీరియల్ సంగతి. పేరు చెప్పనక్కర్లేదు, మీలో సగం మంది చూసే ఉంటారు. ఒక ఉమ్మడి కుటుంబం, వాళ్ళు నడిపే భోజనం మెస్సు, గుమ్మంలో స్టూలేసుకుని కూర్చునే బామ్మ. తక్కువ తిని లేచిన వాణ్ణి బామ్మ గుమ్మం దాటనిచ్చేది కాదు. "నా పప్పుకి వంక పెడతావా?" అని మళ్ళీ విస్తరి ముందు కూలేసేది. ఆరేళ్ళు ఆ బామ్మ మమ్మల్ని నవ్వించింది. రోజూ సాయంత్రం ఏడున్నరకి వీధిలో పది పన్నెండు మంది ఆడవాళ్ళం అత్తయ్య ముందు గదిలో చేరేవాళ్ళం. మా చర్చివాళ్ళూ, పక్క సందులో వ్రతాలూ నోములూ చేసుకునేవాళ్ళూ అందరం ఒకే చాప మీద. అత్తయ్య వేయించిన శనగలు పళ్ళెంలో పోసి మధ్యలో పెట్టేది. ప్రకటనలు రాగానే బీపీ మిషను తీసేది. రోజుకొకరి వంతు. ఆరేళ్ళపాటు మా వీధి ఆడవాళ్ళ రక్తపోటంతా సబ్బుల ప్రకటనల మధ్యలోనే తేలింది. ఆవిడ చేతికి ఆ పట్టీ చుట్టాలని మాత్రం మాలో ఎవరికీ తోచలేదు.

గుడివాడ వదినంటే అత్తయ్య అన్నగారి కూతురు. ఆ సీరియల్ అభిమానులకి వాట్సాప్ గ్రూపు పెట్టింది తనే. గుడివాడ, ఉయ్యూరు, పామిడిముక్కల, నాగాయలంక, ఎక్కడెక్కడివాళ్ళో చేరారు. నేను చరిత్ర పాఠాలు చెప్తాను. ఆధారం చూడందే ఏదీ నమ్మొద్దని పిల్లలకి చెప్పి చెప్పి, నాకు అన్నిటిమీదా అనుమానమే. ఆదివారం ఆరాధనలో కూర్చున్నా నా మనసు సగం గుమ్మం బయటే ఉంటుంది. అలాంటి నేను ఆ గ్రూపులో మాత్రం పెద్ద పండితురాలిని. ఏ ఎపిసోడ్‌లో బామ్మ ఏ చీర కట్టిందో, ఎవరితో ఏం అన్నదో నన్నే అడిగేవాళ్ళు.

సీరియల్ అయిపోతోందని పుకారు వచ్చిన వారమే బామ్మకి ఆస్పత్రి నుంచి ఒక కవరొచ్చింది. విప్పి చదువుకుంది, మడిచి ఆవకాయ జాడీ వెనక దాచేసింది. మర్నాటి నుంచి మళ్ళీ మామూలు జోకులే. గ్రూపు అట్టుడికిపోయింది. కవర్లో ఏముంది? గుండె జబ్బని ఒకరు, అబ్బే కళ్ళజోడు చీటీ అయ్యుంటుందని ఒకరు. నాగాయలంకలో రొయ్యల చెరువులున్న ఒకాయన వాయిస్ మెసేజ్ పెట్టాడు: "మేడం గారూ, మీరు చదువుకున్నోళ్ళు, నాకొక్క మాట చెప్పండి. బామ్మ బతుకుద్దా, బతకదా? ఇక్కడ మాకు చెరువు మీద మనసు నిలవట్లా."

ఆ వారంలోనే వచ్చింది బుధవారం కూడిక. మా సంఘంలో ప్రతి బుధవారం ఒకరింట్లో ప్రార్థన పెట్టుకుంటాం. ఎవరి మనవి వాళ్ళు చిన్న చీటీ మీద రాసి బిస్కెట్ డబ్బాలో వేస్తారు. పాస్టరు గారు ఒక్కొక్కటే తీసి, పైకి చదివి, ప్రార్థన చేస్తారు. చీటీ మీద పేరు రాయకపోవటం మా ఆచారం. ఎవరు రాశారో అందరికీ తెలిసిపోవటం కూడా మా ఆచారమే. అల్లుడి తాగుడంటే ఫలానా వారు, ఉద్యోగం పర్మినెంటు కావాలంటే ఫలానా వారు. ఆ రోజు కూడిక అత్తయ్య ఇంట్లోనే. పాస్టరు గారు ఒక చీటీ తీశారు.

"ఒక పెద్దావిడకి ఎడమవైపు గడ్డ ఉంది. ఇంట్లో వాళ్ళెవరికీ చెప్పలేదు. చెప్పే ధైర్యం దేవుడు ఇవ్వాలని ప్రార్థించండి."

గదంతా చల్లబడింది. పాస్టరు గారు మోకాళ్ళ మీద కూర్చుని చాలాసేపు ప్రార్థించారు. మధ్యలో ఒకసారి ఆగి కళ్ళు తుడుచుకున్నారు కూడా. ఆమేన్ అన్నాక, "ఆ తల్లి ఈ గదిలో ఉంటే సిగ్గుపడొద్దమ్మా. మేమంతా మీవాళ్ళమే, చెప్పండి" అన్నారు. ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకోవడం మొదలుపెట్టాం. ఇస్త్రీ వదిన ఉండబట్టలేక, "ఎవరండీ అదీ? సిస్టరు గారూ, మీకు తెలిసే ఉంటది, చెప్పండి" అంది.

అత్తయ్య చీరకొంగు ఒకసారి మడిచింది, విప్పింది, మళ్ళీ మడిచింది. అది నాకిప్పుడు కనిపిస్తోంది. అప్పుడు కనిపించిందో లేదో చెప్పలేను.

"ఏంటట్టా చూసుకుంటారు దొంగ దొరికినట్టు? నేనే రాశా. మన సీరియల్లో బామ్మ గురించి" అంది.

ఒక్కసారి గది గదంతా ఘొల్లుమంది. పాస్టరు గారు ముందు చిన్నబుచ్చుకుని, తర్వాత ఆయనా నవ్వేశారు. "ఏవండీ సిస్టరు గారూ, నా చేత కన్నీళ్ళు పెట్టించారు కదండీ! దేవుడికి కూడా సీరియల్ చూపిస్తారా?"

"చూస్తే తప్పేముందండీ? ఆయనక్కూడా కాస్త నవ్వు ఉండొద్దా?" అంది అత్తయ్య.

నేను పొట్ట పట్టుకుని నవ్వాను. అంతటితో ఊరుకోలేదు. ఇంటికెళ్ళే లోపే వీధిలో నిలబడి గ్రూపులో పెట్టాను: "కవరు రహస్యం తేలిపోయింది! మా సిస్టరత్తయ్య, రిటైరైన నర్సు, పట్టేసింది. బామ్మకి ఎడమవైపు గడ్డ!" నవ్వుల బొమ్మలు, చప్పట్లు వరదలా వచ్చిపడ్డాయి. గుడివాడ వదిన "మా అత్తంటే ఏమనుకున్నారు!" అని రాసింది. ఆ వారమంతా గ్రూపులో గడ్డ మీదే చర్చ. గుడివాడలో ఒకావిడ బామ్మ పేరున కొబ్బరికాయ కొట్టి ఫొటో పెట్టింది.

ఆ సీరియల్లో ఎక్కడా గడ్డ అన్న మాట లేదు. ఎడమవైపు అన్న మాట అసలే లేదు. కవరు లోపల ఏముందో కెమెరా చూపించనే లేదు. ఆ సంగతి నా కన్నా బాగా తెలిసినవాళ్ళు ఆ గ్రూపులో లేరు. మరి ఆవిడకి ఎలా తెలిసిందని నేను ఎందుకు అడగలేదు? ఒక్క ప్రశ్న. ఎదురిల్లే, దాటితే ఆరడుగులు. పిల్లలకి రోజూ అదేగా చెప్తాను, ఈ మాట ఎక్కడిది, చెప్పినవాళ్ళకి ఎలా తెలుసు అని అడగమని.

చివరి ఎపిసోడ్ రెండు నెలల తర్వాత ఒక శుక్రవారం వచ్చింది. ఆ రోజు గదిలో చోటు చాలక వరండాలో కూడా కూర్చున్నారు. బామ్మ పొద్దున్నే లేచింది. అందరికీ ఇడ్లీలు పెట్టింది. గుమ్మంలో స్టూలు తీసి లోపల పెట్టింది. చేతిసంచి పట్టుకుని మెట్లు దిగి బస్సెక్కింది. వంటగదిలో కొడుకులూ కోడళ్ళూ ఏదో జోకుకి విరగబడి నవ్వుతున్నారు. బస్సు వెళ్ళిపోయింది. ఆ నవ్వుల మీదే ముగింపు అక్షరాలు పడ్డాయి.

కాసేపు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ఇస్త్రీ వదిన లేచింది. ఆ లేవడంలో శనగల పళ్ళెం తిరగబడింది. "ఇదేం ముగింపమ్మా! ఆరేళ్ళు నవ్వించి, ఇప్పుడిట్టా ఏడిపిస్తారా? వాళ్ళ చేతులు పడిపోనూ!" నిజంగానే ఏడ్చింది ఆవిడ. గ్రూపు తెరిస్తే అన్నీ ఏడుపు గొంతులే. గుడివాడ వదిన మర్నాడు పొయ్యి వెలిగించలేదు. ఉయ్యూరు నుంచి ఒక టీచరమ్మ, "మా అమ్మ పోయినప్పుడు కూడా నేనిట్టా కాలేదు, నాకేమైంది?" అని అడిగింది. రొయ్యల చెరువు ఆయన, "నలుగురం గట్టు మీద కూర్చుని ఫోన్లో చూశాం. మేత వెయ్యటం కూడా మర్చిపోయాం" అన్నాడు. బయటివాళ్ళకి ఇది వెర్రిగా ఉంటుంది. కానీ చెప్పకుండా వెళ్ళిపోయిన మనిషిని క్షమించటం మా వల్ల కాలేదు.

ఛానల్‌కి ఉత్తరం నేనే రాశాను. బామ్మని వెనక్కి తీసుకురండి, ఒక్క ఎపిసోడైనా చాలు అని. గుడివాడలో, నాగాయలంకలో కాగితాలు తిప్పి సంతకాలు చేయించాం. మా వీధిలో అందరూ చేశాక అత్తయ్య దగ్గరికి తీసుకెళ్ళాను. కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివింది, మడిచి నా చేతికిచ్చింది.

"బాగా రాశావే. నేను మాత్రం పెట్టను."

"అదేంటత్తయ్యా! మీకు బాధగా లేదూ?"

"ఆవిణ్ణి వెళ్ళనీండే. ఎన్నాళ్ళు నవ్విస్తది పాపం?"

"ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోవటం మర్యాదా?"

"చెప్పలేదని ఎవరన్నారు? చెప్పింది. మీరే చూళ్ళేదు."

నాకు పౌరుషం వచ్చింది. "ఎక్కడ చెప్పిందీ? ఏ ఎపిసోడ్‌లో? నేను చూడని ఎపిసోడ్ ఉందా?"

"ప్రకటనలప్పుడు చెప్పింది. మీరు కాఫీలకి లేచారు" అని నవ్వింది. నాకు ఒళ్ళు మండి, "మీకు బామ్మంటే మాకున్నంత ప్రేమ లేదు" అనేసి వచ్చేశాను. నాలుగు రోజులు సీరియల్ టైముకి వాళ్ళింటికి వెళ్ళలేదు. సీరియల్ లేదు కదా, వెళ్ళి ఏం చేస్తాననుకున్నాను.

రెండు నెలలకి గుడివాడ వదిన ఒక పెళ్ళికి బందరు వచ్చి అత్తయ్య దగ్గర దిగింది. చేతులు వెనక్కి అందట్లేదని అత్తయ్య అంటే, ఆవిడ జాకెట్టు సర్దబోయింది. సర్దబోయి, అలాగే నిలబడిపోయింది. లోపల కట్టు ఉంది. నర్సు కట్టుకున్న కట్టు, పొందిగ్గా, శుభ్రంగా. ఆ మధ్యాహ్నమే విజయవాడ తీసుకెళ్ళాం. డాక్టరు మమ్మల్ని బయటికి పిలిచి మాట్లాడారు. "నాలుగు నెలల ముందు వచ్చి ఉంటే?" అని నేను అడిగాను. ఆయన నా వంక చూసి, "వచ్చి ఉంటే చూసేవాళ్ళమండీ" అన్నారు. అప్పటి నుంచి ఆ మాటని తిప్పి తిప్పి చూస్తున్నాను. చూసేవాళ్ళం అంటే ఏమిటి? బతికేదనా? అప్పటికే లాభం లేదనా? మళ్ళీ వెళ్ళి అడిగే ధైర్యం నాకు లేదు. రెండిట్లో ఏది విన్నా నేను తట్టుకోలేను.

వదిన అత్తయ్యని గుడివాడ తీసుకెళ్ళిపోయింది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఛానల్‌వాళ్ళు ప్రేక్షకుల కోరిక మీద ప్రత్యేక ఎపిసోడ్ అని ప్రకటించారు. అది వచ్చే రోజు నేను గుడివాడ బస్సెక్కాను. ముగ్గురం కలిసి చూశాం, అత్తయ్య మంచం మీద, మేం కింద. బామ్మ అదే బస్సులో తిరిగొచ్చింది. ఆ కవరు ఆస్పత్రిదే, కానీ ఆస్పత్రి క్యాంటీన్‌లో వంటల పోటీకి పిలుపట. మొదటి బహుమతి గెలిచి, పెద్ద గరిటె పట్టుకుని బస్సు దిగింది. వదిన ఫోను ఆగకుండా మోగుతోంది. గ్రూపులో అందరూ "గెలిచాం, గెలిచాం" అంటున్నారు. వదిన ఫోను బోర్లా పెట్టేసింది.

"ఎంతమంది సంతకాలు పెట్టారే?" అంది అత్తయ్య.

"నాలుగొందల పైనే అత్తయ్యా."

"అంతమంది అడిగితే వచ్చేసిందన్నమాట."

ప్రకటనలు వచ్చాయి. నాకేం చేయాలో తోచలేదు. బల్ల మీద ఆవిడ బీపీ మిషను కనిపిస్తే తీసి, ఆవిడ చేతికి పట్టీ చుట్టాను. ఆ పట్టీ రెండు చుట్లు తిరిగింది. అంత సన్నబడిపోయింది ఆ చెయ్యి. ఆవిడ ఆ చెయ్యినీ నన్నూ మార్చి మార్చి చూసి, "ఇప్పుడు గుర్తొచ్చిందా నా వంతు?" అని నవ్వింది. అందులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది.

అప్పుడు అడిగాను. "ఆ చీటీ మీ గురించే కదా?"

టీవీ వంకే చూస్తూ చెప్పింది. "చెప్పేద్దామనే రాశానే. మీరందరూ అట్టా మొహాలు చూసుకునేసరికి భయమేసింది. ఆ వార్డులో నేను చాలా ఏళ్ళు చేశా. అవతల ఏముంటదో నాకు తెలుసు. అందుకని నవ్వించేశా." కాస్త ఊపిరి తీసుకుంది. "నువ్వొక్కదానివి పట్టేస్తావనుకున్నా. పట్టకపోతే బాగుండునని కూడా అనుకున్నాలే. రెండూ అనుకున్నా."

వదిన వంటింట్లోకి వెళ్ళిపోయింది. ప్రకటనలయిపోయి బామ్మ మళ్ళీ వచ్చింది. అత్తయ్య చివరిదాకా చూసింది.

రెండూ అనుకున్నా. ఆ మాటలో మొదటి సగం నాకు నిద్ర లేకుండా చేస్తోంది. రెండో సగం పట్టుకుని బతకమని అందరూ చెప్తున్నారు. పాస్టరు గారు కూడా అదే అన్నారు. ఆయన మాత్రం ఆ రోజు తను నవ్వినందుకు వేరే ఎక్కడో ఏడుస్తున్నారని నాకు అనిపిస్తోంది. నాకింత చేసిన మనిషికి నేను ఒక్క ప్రశ్న బాకీపడ్డాను. ఇప్పుడు వెయ్యి అడుగుతున్నాను, వినటానికి ఆవిడ లేదు.

అత్తయ్య పుట్టింది నాగాయలంక దగ్గర పల్లెలో. వాళ్ళమ్మ పక్కన పెట్టమని కోరింది. బుధవారం మధ్యాహ్నం మా వీధంతా ఒక బస్సులో వెళ్ళాం. రొయ్యల చెరువు ఆయన ఎలా తెలుసుకున్నాడో, సమాధుల తోట గేటు దగ్గర చెప్పులు విడిచి నిలబడి ఉన్నాడు. అక్కడి నేలలో నాలుగడుగులు తవ్వితే నీళ్ళు. గోతిలో ఇద్దరు మనుషులు దిగి బకెట్లతో తోడుతున్నారు. తోడిన కొద్దీ అడుగున మళ్ళీ ఊరుతున్నాయి. పెట్టె గట్టు మీద పెట్టి ఉంది. పాట అయిపోయింది, వాక్యం చదవటం అయిపోయింది. గోతిలోంచి పెద్దాయన తలెత్తి, "ఇక దించేద్దామండి" అన్నాడు.

"ఒక్క నిమిషం ఆగండి" అన్నాను నేను. ఎందుకన్నానో నాకు తెలియదు.

"ఆగితే ఇంకా ఊరుద్దమ్మా. ఇక్కడింతే. ఆపలేం" అన్నాడాయన. అయినా నా మొహం చూసి మళ్ళీ వంగి, ఇంకో బకెట్ తోడి గట్టు మీద పోశాడు. ఆ నీళ్ళు బురదలో దారి చేసుకుని మెల్లగా మళ్ళీ గోతిలోకే జారాయి. ఆయన ఇంకొకటి తోడాడు.